సిస్టీన్ చాపెల్‌కి మెడ మిగుల్చుకుని వెళ్లండి

వాటికన్‌లో మైకెలాంజెలో పైకప్పు బొమ్మలున్న ప్రార్థనా మందిరమే సిస్టీన్ చాపెల్. మొదటిసారి అక్కడ నేను గడిపింది సరిగ్గా పదకొండు నిమిషాలు. ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాను. ఆదాము వేలు, దేవుడి వేలు నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్క లేదు. తీరా ఆ గదిలో అడుగుపెట్టేసరికి కాళ్లు పీకుతున్నాయి, మెడ పట్టేసింది. వెంట వచ్చిన మేనల్లుడేమో "అత్తా, చూశాంగా, ఇంక పోదాం" అంటున్నాడు. నేను ఫోన్ పైకెత్తానో లేదో "నో ఫోటో!" అని గార్డు అరిచాడు. తలెత్తి చూస్తే అంతా రంగులు, కండలు, బట్టలు. ఏది ఎక్కడుందో పోల్చుకునేలోపే జనం నన్ను బయటి తలుపు దగ్గరికి నెట్టేశారు. అది 2019 జులై.

రెండోసారి 2023 నవంబరులో మా అక్కతో వెళ్లాను. అక్కకి అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆమెకి బొమ్మలతో పని లేదు. పేతురు గారి సమాధి దగ్గర జపమాల చెప్పుకోవాలి, అంతే. ఆ రెండోసారి చాపెల్‌లో గంటా పది నిమిషాలు కూర్చున్నాం. రెండు ప్రయాణాలకీ తేడా ఎక్కడొచ్చిందో రాస్తున్నాను. వాటికన్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువమంది నేను మొదటిసారి చేసిన పొరపాటే చేస్తారు. చాపెల్ దారి చివర ఉంటుంది. దారిలో కనిపించిన ప్రతి విగ్రహం ముందూ ఆగి, అసలైనది వచ్చేసరికి ఒంట్లో ఓపిక ఉంచుకోరు.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. బసిలికా, అంటే పేతురు గారి సమాధి ఉన్న పెద్ద చర్చి, వేరు. మ్యూజియం వేరు. సిస్టీన్ చాపెల్ మ్యూజియం లోపల ఉంది. సెయింట్ పీటర్స్ చౌక్‌లో వరసలో నిలబడితే బసిలికాలోకే వెళ్తారు, చాపెల్‌కి కాదు. మ్యూజియం ద్వారం ఉత్తరం వైపు గోడకి, వియాలే వాటికానో అనే రోడ్డు మీద ఉంది. చౌక్ నుంచి గోడ పక్కనే నడిస్తే మామూలు మనిషికి పావుగంట, మా అక్కకి ముప్పావుగంట. మెట్రోలో వస్తే 'A' అనే లైన్‌లో ఒట్టావియానో దగ్గరో, చిప్రో దగ్గరో దిగాలి. రోమ్ నుంచి వాటికన్‌లోకి వెళ్లడానికి విడిగా వీసా, పాస్‌పోర్టు చెకింగ్ ఏమీ లేవు. ఇటలీకి తీసుకున్న షెంగెన్ వీసా ఉంటే చాలు. దేశం మారిన సంగతే తెలియదు. అయితే టికెట్టు మీద పేరు ఉంటుంది కాబట్టి గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోండి.

టికెట్టు మ్యూజియం వాళ్ల సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. పెద్దవాళ్లకి 20 యూరోలు, ఆన్‌లైన్‌లో టైము బుక్ చేసుకుంటే ఇంకో 5. ఆ 5 యూరోల దగ్గర పిసినారితనం వద్దు. అది లేకపోతే గోడ వెంట రెండు మూడు గంటలు ఎండలో నిలబడాల్సి రావచ్చు. మొదటిసారి నేను మెట్రో మెట్లెక్కి బయటికి రాగానే మెడలో కార్డు వేసుకున్న ఒకతను ఎదురొచ్చి, ఈరోజు టికెట్లు అయిపోయాయి, మా దగ్గరైతే వరస లేకుండా పంపిస్తాం అన్నాడు. మనిషికి 55 యూరోలు పెట్టాం. తర్వాత చూస్తే వాళ్లు మమ్మల్ని నిలబెట్టిందీ ఒక వరసలోనే, అందరూ నిలబడేదే. కార్డు చూసి నమ్మకండి, కార్డు ఎవరైనా వేసుకోవచ్చు.

మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు తెరిచి ఉంటుంది. చివరి ప్రవేశం సాయంత్రం 6కి. ఆదివారం సెలవు, నెలలో చివరి ఆదివారం మాత్రం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా ఉచితం. ఉచితమని ఆ రోజు వెళ్తే జనం వీపులు చూసి రావాలి. జూన్ 29 పేతురు పౌలుల పండగ, డిసెంబరు 8 లాంటి రోజుల్లో మూసేస్తారు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం మరోసారి వెబ్‌సైట్ చూసుకోండి. ఇంకో విషయం, కొత్త పోపు గారిని ఎన్నుకునేది ఈ చాపెల్‌లోనే. అప్పుడు ఎవరినీ రానివ్వరు. 2025లో ఏప్రిల్ 28 నుంచి మూసేశారు, మే 8న లియో పద్నాలుగవ పోపు గారు ఎన్నికయ్యారు. ఆ రోజుల కోసం టికెట్లు కొనుక్కున్నవాళ్లని తలుచుకుంటే జాలేస్తుంది.

ఏ రోజు వెళ్లాలి? సోమవారం రోమ్‌లో చాలా మ్యూజియాలు మూసి ఉంటాయి, అందరూ ఇక్కడికే వస్తారు. శనివారం సంగతి చెప్పక్కర్లేదు. బుధవారం ఉదయం పోపు గారి దర్శనం ఉంటుంది, దాని గురించి తర్వాత చెప్తాను. మంగళ, గురువారాలు నయం. నెలల్లో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, క్రిస్మస్ రోజులు తీసేసి. టైము విషయంలో రెండే మంచివి. ఒకటి మొట్టమొదటి స్లాట్, రెండోది గైడ్ల గుంపులు పల్చబడే మధ్యాహ్నం నాలుగు తర్వాత. పది నుంచి రెండు మధ్య మాత్రం వద్దు.

బట్టల గురించి గట్టిగా చెప్తాను, ఎందుకంటే మా మేనల్లుడి వల్ల మొదటిసారి అరగంట పోయింది. భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఇదే రూలు, మ్యూజియంలోనూ బసిలికాలోనూ. వాడు నిక్కరులో వచ్చాడు. చివరికి రోడ్డు పక్క అమ్మే పల్చటి స్కార్ఫు కొని లుంగీలా చుట్టుకుని లోపలికొచ్చాడు. అక్క చీరకి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చుడీదార్ అయితే మెట్ల దగ్గర ఇంకా సుఖం. స్లీవ్‌లెస్ అలవాటున్న పిల్లలకి ఒక చున్నీ ఇవ్వండి. మగవాళ్లు బసిలికాలో టోపీ తీసేయాలి.

పెద్ద బ్యాగు, పొడవాటి గొడుగు, ట్రైపాడ్ క్లోక్‌రూములో పెట్టేయాలి. అక్కడే గుర్తింపు కార్డు చూపిస్తే నడవలేనివాళ్లకి వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తారు. అక్క ముందు "నేనేమైనా రోగినా" అని మొరాయించింది. గ్యాలరీ పొడవు చూశాక నోరు మెదపకుండా కూర్చుంది. వీల్‌చెయిర్‌కి లిఫ్టులున్న దారి వేరుగా ఉంటుంది, సిబ్బందిని అడిగితే చూపిస్తారు.

ఇక నేను తీసుకెళ్లిన సామాన్లు. ఒక చిన్న బైనాక్యులర్, ఒక చేతి అద్దం. అద్దం అక్కది, బొట్టు సరిచేసుకునేది. చాపెల్ పైకప్పు నేల నుంచి సుమారు 20 మీటర్ల ఎత్తున ఉంది. బైనాక్యులర్ లేకపోతే ముఖాలు తెలుస్తాయి గానీ ముఖంలో భావం తెలియదు. అద్దం ఒళ్లో పెట్టుకుంటే మెడ ఎత్తకుండానే పైకప్పు కనిపిస్తుంది. కుడి ఎడమలు తారుమారవుతాయి, అంతే. అద్దంలో చూస్తూ అక్క, "ఆదాము కుడివైపున్నాడేంటే, నువ్వు ఎడమ అన్నావు" అని నన్ను నిలదీసింది.

లోపలికి వెళ్లాక దారి ఇలా ఉంటుంది. టికెట్టు స్కాన్ అయ్యాక కుడివైపు పెయింటింగుల గ్యాలరీ, ఎడమవైపు పెద్ద కంచు పైన్‌కాయ ఉన్న పెరడు. ఈ పెరట్లో చాపెల్ బొమ్మల పెద్ద బోర్డులు నిలబెట్టి ఉంటాయి. చాపెల్‌లో గైడ్లు మాట్లాడకూడదు, అందుకే పాఠం అంతా ఇక్కడే చెప్పేస్తారు. మీకు గైడు లేకపోయినా ఇక్కడ పది నిమిషాలు ఆగి, పైకప్పు మధ్యలో ఉన్న తొమ్మిది బొమ్మల వరస బట్టీ పట్టండి. మొదటి మూడూ సృష్టి, తర్వాతి మూడూ ఆదాము ఏవలు, చివరి మూడూ నోవా. ఈ మాత్రం తలలో ఉంటే చాపెల్‌లో దారి తప్పరు.

అక్కడి నుంచి చాపెల్ దాకా ఎక్కడా ఆగకుండా నడిస్తే దాదాపు అరగంట. బాణం గుర్తులు ఉంటాయి, జనం ఎటూ అటే పోతుంటారు. ఈ అరగంట నడకలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి అన్నదే అసలు విద్య. అన్నీ చూడాలనుకుంటే కిలోమీటర్ల కొద్దీ నడవాలి. నేను రెండోసారి మూడు చోట్లే ఆగాను.

మొదటిది లావొకూన్ విగ్రహం. తండ్రినీ ఇద్దరు కొడుకులనీ పాములు చుట్టేసిన పాలరాతి బొమ్మ. 1506లో రోమ్‌లో ఒక ద్రాక్షతోట తవ్వుతుంటే బయటపడింది. దాన్ని చూడ్డానికి వెళ్లినవాళ్లలో మైకెలాంజెలో కూడా ఉన్నాడు. రెండేళ్ల తర్వాత అతను పైకప్పు పని మొదలుపెట్టాడు. తండ్రి నడుము తిరిగిన తీరు మనసులో పెట్టుకోండి. పైన చాపెల్‌లో అలాంటి నడుములే మళ్లీ కనిపిస్తాయి.

రెండోది మ్యాపుల గ్యాలరీ. 120 మీటర్ల పొడవున్న నడవా, రెండు వైపులా గోడల మీద ఇటలీ ప్రాంతాల పటాలు 40 దాకా, 1580 ప్రాంతంలో ఇగ్నాజియో డాంటీ అనే పండితుడి లెక్కల ప్రకారం గీసినవి. పైకప్పు బంగారం పోసినట్టు మెరిసిపోతుంది. అందరూ ఇక్కడే మెడ విరగ్గొట్టుకుంటారు. మీరు మాత్రం పైకి చూడకండి. గోడల మీది సముద్రంలో చిన్న చిన్న ఓడలున్నాయి, వాటిని చూసుకుంటూ నడవండి. మెడ దాచుకోవాలి.

మూడోది రఫాయెల్ గదులు. మ్యాపుల గ్యాలరీ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఒకటి నేరుగా చాపెల్‌కి, ఒకటి రఫాయెల్ గదుల మీదుగా. ఓపిక ఉంటే రెండోది పట్టండి. ఏథెన్స్ పాఠశాల అని పేరున్న గోడచిత్రంలో ముందువైపు మెట్ల దగ్గర బండరాయికి మోచేయి ఆనించి, ముఖం ముడుచుకుని రాసుకుంటున్న మనిషి ఒకడున్నాడు. అది మైకెలాంజెలో పోలికే అంటారు. పక్క భవనంలో పరంజా మీద అతను పైకప్పు వేస్తున్న రోజుల్లోనే రఫాయెల్ ఈ గోడ వేశాడు. ఆ పెద్దమనిషి చిరాకుని రఫాయెల్ ఎంత బాగా పట్టాడో! పదే నిమిషాలు, బయటికొచ్చేయండి.

పెయింటింగుల గ్యాలరీని చివరికి ఉంచండి. చాపెల్ నుంచి బయటికొచ్చే దారి లైబ్రరీ నడవాల గుండా తిరిగి మొదటి చోటికే వస్తుంది. అప్పుడు ఓపిక మిగిలితే కరవాజియో, లియొనార్డోలని చూడొచ్చు. మిగలకపోతే తిట్టుకోకుండా కాఫీ తాగండి.

చాపెల్‌లోకి ఒక చిన్న తలుపులోంచి ప్రవేశిస్తారు. ఆ తలుపు పీఠం ఉన్న గోడకే ఉంటుంది. అంటే తుదితీర్పు బొమ్మ మీ వెనకాల, తల మీద ఉంటుంది. లోపలికి రాగానే అందరూ అక్కడే ఆగి నోరు తెరుస్తారు, గార్డులు ముందుకు నడవమని కసురుతారు. మీరు ఆగకండి. తల దించుకుని, నేలమీది రంగురాళ్ల ముగ్గులు చూసుకుంటూ, మధ్యలో ఉన్న పాలరాతి జాలీ దాటి, ఆ చివర గోడ దాకా వెళ్లిపోండి. అక్కడ వెనక్కి తిరగండి. ఇప్పుడు చాపెల్ మొత్తం మీ ముందుంటుంది. 40 మీటర్ల పొడవు, 13 మీటర్ల వెడల్పు.

పక్క గోడల పొడుగునా కూర్చోడానికి రాతి అరుగులుంటాయి. ఖాళీ దొరకడానికి మాకు ఎనిమిది నిమిషాలు పట్టింది. ఎవరు లేవబోతున్నారో కనిపెట్టడం మా అక్కకి రైల్లో సీటు పట్టిన అనుభవం వల్ల బాగా వచ్చు. కూర్చున్నాక ఎవరూ లేవమనరు. అప్పుడప్పుడు మైకులో నిశ్శబ్దంగా ఉండమని చెప్తారు, ఒక్క నిమిషం ఆగుతుంది, మళ్లీ గుసగుసలు మొదలవుతాయి.

ఫోటోలు తీయనివ్వకపోవడానికి వెనక కథ ఉంది. 1980 నుంచి 1994 దాకా ఇక్కడి మైకెలాంజెలో బొమ్మల మీద పేరుకున్న కొవ్వొత్తుల మసిని కడిగి తీశారు. ఆ ఖర్చు జపాన్‌కి చెందిన నిప్పాన్ టెలివిజన్ పెట్టుకుంది. బదులుగా ఫోటోల హక్కులు కొన్నాళ్లు వాళ్లవి. ఆ గడువు ఎప్పుడో తీరింది గానీ నిషేధం అలాగే ఉంది. నిజం చెప్పాలంటే అదే మంచిదైంది. ఫోన్ సంచిలో పెట్టాకే నేను చూడగలిగాను. మసి ఎంత ఉండేదో తెలియడానికి ఒకటి రెండు చోట్ల చిన్న ముక్కలు కడగకుండా వదిలేశారు. బైనాక్యులర్‌తో వెతకండి, బొగ్గు పూసినట్టుంటాయి.

ఇప్పుడు పైకి చూడండి, కానీ అంతా ఒకేసారి కాదు. మీ నెత్తి మీద, అంటే పీఠానికి దూరంగా ఉన్న చివర, నోవా కథలున్నాయి. మైకెలాంజెలో పని మొదలుపెట్టింది ఈ చివరనుంచే, 1508లో. అప్పటికి అతనికి 33 ఏళ్లు. తను శిల్పినని, చిత్రకారుణ్ణి కాదని మొత్తుకున్నా రెండవ జూలియస్ పోపు వినలేదు. జలప్రళయం బొమ్మ చూడండి. చీమల్లా మనుషులు, మూటలు, చెట్టెక్కినవాళ్లు, బోల్తా పడుతున్న పడవ. కింద నుంచి చూస్తే గందరగోళం. సగం పని అయ్యాక పరంజా విప్పి కింద నుంచి చూసినప్పుడు అతనికీ అలాగే అనిపించి ఉండాలి. అక్కడి నుంచి పీఠం వైపు వెళ్లేకొద్దీ మనుషులు తగ్గిపోతారు, పెద్దవాళ్లైపోతారు. ఆదాము బొమ్మలో ఇక వెనక ఏమీ లేదు, ఒక కొండవాలు, ఖాళీ ఆకాశం, రెండు చేతులు. నా క్లాసులో "పేపరంతా నింపకండర్రా" అని అరిచేదాన్ని. ఆ మాటకి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. కాబట్టి చివరి నుంచి పీఠం వైపు, అంటే కథ వరసకి వ్యతిరేకంగా, బొమ్మలు వేసిన వరసలో చూడండి. నాలుగేళ్లలో ఒక మనిషి చెయ్యి ఎలా మారిందో కనిపిస్తుంది.

జలప్రళయం బొమ్మలోనే ఒకచోట రంగు లేకుండా పెచ్చు ఊడి ఉంటుంది. 1797లో దగ్గర్లోని కోటలో తుపాకీ మందు పేలినప్పుడు ఆ అదురుకి రాలిపోయిన ముక్క అది.

పడుకుని వేశాడని మనందరం చదువుకున్నాం కదా, అది తప్పు. నిలబడే వేశాడు, తల వెనక్కి వంచి. రంగు ముఖం మీద కారేదని తనే ఒక పద్యంలో మొర పెట్టుకుని, పక్కన తన బొమ్మ కూడా గీసుకున్నాడు. తడి సున్నపు గార మీద, అది ఆరేలోపు రంగు వేయాలి. అందుకే ఏ రోజుకి ఎంత పూర్తి చేయగలనో అంతే గార పూసుకునేవాళ్లు. ఆరిపోతే గీకి మళ్లీ మొదలు. మీ మెడ పది నిమిషాలకే నొప్పి పుట్టినప్పుడు ఇది గుర్తొస్తుంది.

పీఠం పైన, సరిగ్గా మధ్యలో, యోనా ప్రవక్త. పక్కన చేప ఉంటుంది, గుర్తుపట్టడం సులువు. డ్రాయింగ్ వచ్చినవాళ్లు ఇక్కడ ఎక్కువసేపు ఆగండి. అక్కడ గోడ మనవైపుకి వంగి ఉంది, కానీ యోనా వెనక్కి వాలి కూర్చున్నట్టుంటాడు. మనవైపు వంగిన గోడ మీద వెనక్కి వాలిన మనిషిని వేయడం ఎంత కష్టమో, ఉబ్బిన కుండ మీద ముఖం గీసి చూడండి, తెలుస్తుంది. నేను ఈ ఒక్క బొమ్మకే పావుగంట పెట్టాను.

తుదితీర్పు గోడ పైకప్పు అయ్యాక పాతికేళ్లకి వేసింది, 1536 నుంచి 1541 దాకా. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. పైకప్పు మీద ఉన్న ధీమా ఇందులో లేదు. క్రీస్తు ప్రభువు చేయెత్తగానే అందరూ సుడిగాలిలో పడ్డట్టు తిరుగుతుంటారు. ప్రభువు కాళ్ల దగ్గర కొంచెం కుడివైపు చర్మం ఒలిచి చంపారని చెప్పే పునీత బర్తలోమయి చేతిలో ఆ ఒలిచిన చర్మం వేలాడుతుంటుంది. దాని మీద ముడతలు పడ్డ ముఖం మైకెలాంజెలోదే అంటారు. కింద కుడి మూల, మీరు లోపలికి వచ్చిన తలుపుకి పైన, గాడిద చెవులతో పాము చుట్టుకున్న ఒకడుంటాడు. బట్టల్లేని బొమ్మలేంటని సణిగిన బియాజో అనే అధికారి ముఖం పెట్టాడట. అతను వెళ్లి మొర పెట్టుకుంటే, నరకంలో నా మాట చెల్లదు అని పోపు గారు నవ్వారని చెప్పుకుంటారు. ఆ సణుగుడు మాత్రం ఊరికే పోలేదు. చిత్రకారుడు పోయాక 1565లో డానియెలే ద వొల్తెర్రా అనే శిష్యుడి చేత చాలామందికి గుడ్డలు వేయించారు. పాపం అతనికి 'నిక్కర్లాయన' అని పేరు పడిపోయింది.

చాలామంది పక్కగోడల వైపు చూడరు. పైకప్పుకి పాతికేళ్ల ముందే, 1481-82లో, బొటిచెల్లి, పెరుజీనో, గిర్లాందాయో లాంటివాళ్లు వేసినవి అవి. పీఠం వైపు తిరిగి నిలబడితే ఎడమ గోడ మోషే కథ, కుడి గోడ క్రీస్తు కథ. కుడి గోడ మీద వెనక నుంచి రెండోది చూడండి, ప్రభువు పేతురు గారికి తాళంచెవులు ఇస్తున్నారు. వెనక ఎంత విశాలమైన రాతి ముంగిలి! ఒకే పాయింటులో కలిసే గీతలు పిల్లలకి నేర్పాలంటే ఇంతకన్నా తేలికైన పాఠం ఉండదు. అక్కకి బైనాక్యులర్ ఇచ్చింది ఈ బొమ్మ దగ్గరే. చాలాసేపు చూసి, "తాళంచెవి ఒకటి బంగారు రంగు, ఒకటి వేరే రంగు ఎందుకే" అంది. నేను అంతవరకు గమనించనే లేదు.

బయటికి వెళ్లే దగ్గర ఒక హెచ్చరిక. వెనక గోడకి రెండు వైపులా తలుపులుంటాయి. ఒక దాంట్లోంచి నేరుగా బసిలికాకి పోవచ్చని చాలామంది చెప్తారు. అది గైడుతో వచ్చే గుంపులకి, అదీ తెరిచి ఉన్నప్పుడే. బ్యాగు క్లోక్‌రూములో ఉంటే ఆ దారి అసలే వద్దు, మళ్లీ గోడ చుట్టూ నడిచి రావాలి.

బసిలికాని మరుసటి రోజుకి పెట్టుకోండి. ఒకేరోజు రెండూ అంటే కళ్లు ఒప్పుకోవు. ఉదయం 7కి తెరుస్తారు, మేము ఆరున్నరకే చౌక్‌లో ఉన్నాం. ప్రవేశం ఉచితం, సెక్యూరిటీ చెకింగ్ వరస మాత్రం ఉంటుంది. ఏడింటికి పది నిమిషాలు పట్టిన ఆ వరసకే పదింటికి గంటన్నర పడుతుంది. బుధవారం వద్దు, ఆ ఉదయం చౌక్‌లో పోపు గారి దర్శనం ఉంటుంది, బసిలికాలోకి వెళ్లడం కుదరదు. దర్శనమే కావాలనుకుంటే బుధవారమే రండి. దాని టికెట్టు పూర్తిగా ఉచితం, డబ్బులు అడిగేవాళ్లు మోసగాళ్లు. ఆదివారం మధ్యాహ్నం 12కి పోపు గారు రోమ్‌లో ఉంటే కిటికీలోంచి త్రికాల జపం చెప్తారు, దానికి టికెట్టే అక్కర్లేదు.

వరసలో ఉన్నప్పుడు చౌక్ చూడండి. చుట్టూ ఉన్న స్తంభాలు బెర్నీనీ అనే శిల్పి 1656లో మొదలుపెట్టినవి, మొత్తం 284, నాలుగు వరసలు. మధ్యలో ఉన్న ఈజిప్టు రాతిస్తంభానికీ ఫౌంటెన్లకీ మధ్య నేల మీద ఒక గుండ్రటి రాయి ఉంటుంది. దాని మీద నిలబడితే నాలుగు వరసలూ ఒకే వరసైపోతాయి. ఒక్క అడుగు పక్కకేస్తే మళ్లీ అడవి. అక్క మూడుసార్లు ఎక్కి దిగింది.

లోపలికి వెళ్లగానే కుడివైపు మొదటి గదిలో పియెటా. మరియమాత ఒళ్లో ప్రభువు. ఇది చెక్కేనాటికి మైకెలాంజెలోకి ఇరవై నాలుగేళ్లు. అమ్మ గుండెల మీదుగా వెళ్లే పట్టీ మీద తన పేరు చెక్కుకున్నాడు, ఇంకే శిల్పం మీదా అలా చేయలేదు. 1972లో ఒకడు సుత్తితో కొట్టి ముక్కు, చెయ్యి విరగ్గొట్టాడు. అప్పటి నుంచి అద్దం వెనక ఉంది. ఏడింటికి వెళ్తే ఆ అద్దం ముందు మీరు పదిమందే ఉంటారు. తొమ్మిదింటికి ఫోన్లు తప్ప బొమ్మ కనబడదు. అందుకే మొదట ఇక్కడికే రండి, మిగిలినదంతా పెద్దది, ఎంతమంది ఉన్నా కనిపిస్తుంది.

ఆ పెద్దతనం వెంటనే తెలియదు, అదే చిత్రం. మొదట్లో పవిత్రజలం తొట్టిని పట్టుకున్న పసిపిల్లల బొమ్మల దగ్గరికి వెళ్లి పక్కన నిలబడండి. దూరం నుంచి చంటిపిల్లలు, దగ్గరికి వెళ్తే మనకన్నా పెద్దవాళ్లు. పీఠాల మీద కనిపించే తైలచిత్రాలు కూడా తైలచిత్రాలు కావు. దాదాపు అన్నీ రంగు గాజుముక్కలు పొదిగినవి. ఒక అడుగు దూరం నుంచి కూడా నేను పోల్చుకోలేకపోయాను.

ప్రధాన పీఠం మీద ఉన్న బెర్నీనీ కంచు మండపం 29 మీటర్ల ఎత్తు. అందరూ పైకి చూస్తారు. మీరు కింద, నాలుగు పాలరాతి దిమ్మల మీద ఉన్న ఎనిమిది కవచం గుర్తులు చూడండి. ప్రతి దాని పైన ఒక ఆడమనిషి ముఖం ఉంటుంది. చుట్టూ తిరుగుతుంటే ఆ ముఖం పురిటినొప్పులు పడుతుంది, నోరు తెరుస్తుంది, అలిసిపోతుంది. ఎనిమిదో దాని మీద ఆమె లేదు, నవ్వుతున్న బిడ్డ ముఖం ఉంది. ఇద్దరు పిల్లల్ని కన్న మా అక్క నేను చెప్పకుండానే నాలుగో ముఖం దగ్గర విషయం పట్టేసింది.

దగ్గర్లో కంచు పేతురు గారు కూర్చుని ఉంటారు. వందల ఏళ్లుగా భక్తులు ముట్టుకుని ముట్టుకుని కుడిపాదం వేళ్లు అరిగి నున్నగా అయిపోయాయి. ప్రార్థనకి మాత్రం అక్కడ కుదరదు. కుడివైపు నడవాలో తెర వేసిన ఒక గది ఉంటుంది, దివ్యసత్ప్రసాద మందిరం. కాపలా ఆయన ఆపితే ప్రార్థనకని చేతులు జోడించి చూపించండి, లోపలికి పంపిస్తారు. ఫోటోలు, మాటలు నిషేధం. అక్క అక్కడ యాభై నిమిషాలు ఉంది. బసిలికా మొత్తంలో నిజంగా నిశ్శబ్దంగా ఉన్న చోటు అదొక్కటే.

ఆ యాభై నిమిషాల్లో నేను గుమ్మటం ఎక్కొచ్చాను. దీనికి టికెట్టు ఉంది. మొత్తం 551 మెట్లు, లిఫ్టు తీసుకున్నా 320 మిగులుతాయి. చివరి మెట్ల దగ్గర గోడ పక్కకి వాలి ఉంటుంది, మనమూ వాలి నడవాలి. మూసుకుపోయినచోట ఊపిరాడనివాళ్లు, మోకాళ్లవాళ్లు ప్రయత్నించకండి, మధ్యలో వెనక్కి తిరగడం ఉండదు.

చౌక్ పక్కనే వాటికన్ పోస్టాఫీసు ఉంది. అక్కడి స్టాంపు వాటికన్ పోస్టు డబ్బాలోనే పనిచేస్తుంది. రోమ్‌లో కొన్న స్టాంపు ఇక్కడ, ఇక్కడి స్టాంపు రోమ్‌లో పనికిరావు. అక్క తన విచారణ గురువులకి, అంటే వాళ్ల చర్చి ఫాదరుకి, ఒక కార్డు రాసింది, నేను నాకే ఒకటి రాసుకున్నాను. నాది పదిహేను రోజుల్లో వచ్చింది. అక్కది రెండు నెలలు పట్టింది. పిన్‌కోడ్ రాయడం మర్చిపోయిందట.